తుంటికి కొత్త గిన్నె అమర్చిన వైద్యుడు: సర్ జాన్ చార్న్‌లీ

ఇంట్లో పెద్దవాళ్లు జారిపడ్డారని ఫోను వస్తే మన గుండె ఝల్లుమంటుంది. హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో ఉన్నా మనం అడిగే మొదటి మాట ఒకటే: లేచి నిలబడగలిగారా? నిలబడలేకపోయారంటే తుంటి విరిగిందేమోనని భయం. వెనకటి తరంలో తుంటి విరిగిన ముసలివాళ్లు మళ్లీ మంచం దిగడం అరుదు. వీపు పుండ్లు పడి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, కొద్ది నెలల్లోనే పోయినవాళ్ల గురించి ప్రతి ఇంట్లోనూ చెప్పుకుంటారు.

ఇవాళ అదే వయసువాళ్లకు ఆపరేషన్ చేసి, చాలామందిని రోజుల వ్యవధిలోనే వాకర్ పట్టించి నడిపిస్తున్నారు. ఇందులో ఎందరో వైద్యుల కృషి ఉంది. వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు ఇంగ్లండుకు చెందిన సర్ జాన్ చార్న్‌లీది. ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. ఆయన రూపొందించిన తుంటి మార్పిడి ఆపరేషన్ ప్రపంచమంతా తెలుసు. దానికి ముందు ఆయన తిన్న పెద్ద దెబ్బ గురించి, దాన్ని ఆయన ఎలా ఎదుర్కొన్నారన్న దాని గురించి మాత్రం తక్కువమందికి తెలుసు. మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ సంగతే.

బంతి, గిన్నె

ముందుగా తుంటి కీలు ఎలా ఉంటుందో చూద్దాం. తొడ ఎముక పైకొస బంతిలా గుండ్రంగా ఉంటుంది. కటి ఎముకలో దానికి తగ్గ లోతైన గిన్నె ఉంటుంది. వైద్యులు దాన్ని ఎసిటాబులమ్ అంటారు. బంతి గిన్నెలో తిరుగుతుంటే మనం నడుస్తాం, కూర్చుంటాం, మెట్లెక్కుతాం. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. వయసు మీద పడి ఆ పొర అరిగిపోతే ఎముకకు ఎముక రాసుకుని, అడుగు తీసి అడుగు వేయడమే నరకం అవుతుంది.

పడినప్పుడు పెద్దవాళ్లలో ఎక్కువగా విరిగేది తొడ ఎముక మెడ, లేదా దాని కింది భాగం. కొందరిలో గిన్నె విరుగుతుంది. ఎముకలు గుల్లబారిన వయసులో పక్కకు పడితే చాలు, బంతి వెళ్లి గిన్నెను లోపలికి బద్దలు కొడుతుంది. ఇది బాగు చేయడం మరీ కష్టం. గిన్నె శరీరంలో చాలా లోతుగా ఉంటుంది. దాని చుట్టూ పెద్ద రక్తనాళాలు, నరాలు ఉంటాయి.

మందుల షాపు ఇంటి పిల్లాడు

జాన్ చార్న్‌లీ 1911 ఆగస్టు 29న ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో, బెరీ అనే ఊళ్లో పుట్టారు. నూలు మిల్లులకు పేరుపడ్డ ప్రాంతం అది. తండ్రికి మందుల షాపు ఉండేది. తల్లి నర్సుగా శిక్షణ పొందిన మనిషి. ఊళ్లోనే బడి చదువు ముగించి మాంచెస్టర్‌లో వైద్యవిద్యకు చేరారు. 1935లో డాక్టరయ్యారు. మరుసటి ఏడాదే, పాతికేళ్ల వయసులో, సర్జన్లకు అత్యున్నతమైన ఎఫ్.ఆర్.సి.ఎస్. పట్టా అందుకున్నారు.

1940లో రెండో ప్రపంచ యుద్ధం ఆయన్ని సైనిక వైద్య దళంలోకి లాక్కెళ్లింది. డంకిర్క్ నుంచి సైనికులను తరలించిన రోజుల్లో ఆయన ఆ పనిలో ఉన్నారు. తర్వాత ఈజిప్టుకు పంపారు. కైరోలో విరిగిన కాళ్లకు, చేతులకు కట్టే బద్దీలు, ఆసరా పరికరాలు తయారు చేసే వర్క్‌షాపుతో ఆయనకు గట్టి అనుబంధం ఏర్పడింది. ఇనుము, లేతు మిషను, స్క్రూలు, బోల్టులు అంటే ఆయనకున్న ఇష్టం అక్కడ బలపడింది. జీవితాంతం ఆయన సగం సర్జనుగా, సగం మెకానిక్‌గా బతికారు.

యుద్ధం ముగిశాక ఎముక ఎలా అతుక్కుంటుందో తెలుసుకోవాలనే తపన పట్టుకుంది. ఒకచోటి నుంచి తీసిన ఎముక ముక్క ఇంకోచోట ఎలా అతుకుతుందో చూడాలని, తన మోకాలి కింది ఎముక మీదే తోటి డాక్టరు చేత ఆపరేషన్ చేయించుకున్నారు. గాయం చీము పట్టింది. ఎముకకే ఇన్ఫెక్షన్ పాకి, మళ్లీ ఆపరేషన్ అవసరమైంది. ఇన్ఫెక్షన్ అంటే ఏమిటో సొంత కాలితో నేర్చుకున్నారు.

కట్టు కట్టడంలోనూ గురువే

1950లో ఆయన రాసిన పుస్తకం ఒకటి వచ్చింది. విరిగిన ఎముకలను కోయకుండా, సరిగ్గా కుదిర్చి, పిండికట్టు వేసి ఎలా నయం చేయాలో అందులో వివరించారు. తరాల తరబడి ఎముకల డాక్టర్లు ఆ పుస్తకం చదివే పెరిగారు. కట్టు అంటే గుడ్డ చుట్టడం కాదని, ఎముక చుట్టూ ఉండే కండరాలను, పొరలను ఉపయోగించుకుని మూడు చోట్ల సరైన ఒత్తిడి పెట్టే విద్య అని ఆయన బోధించారు.

మన పాఠకులకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చిత్తూరు వైపు, తమిళనాడు, కర్ణాటకల్లోని మనవాళ్లలో పుత్తూరు కట్టు మీద నమ్మకం తరాల నాటిది. కట్టు విద్యను చార్న్‌లీ చులకన చేయలేదు, దానికి శాస్త్రం రాశారు. అలాంటి మనిషే, కట్టు పనికిరాని చోటు ఒకటుందని గుర్తించి, తన మిగిలిన జీవితాన్ని దానికి ఇచ్చేశారు. ఆ చోటు తుంటి కీలు. పైనుంచి ఎంత బిగించినా కట్టు గిన్నె దాకా చేరదు. అరిగిన కీలును ఏ కట్టూ నున్నగా చేయలేదు.

కిర్రుమన్న కీలు

ఆ రోజుల్లో పారిస్‌లో జూడే సోదరులు అనే సర్జన్లు పాడైన తొడ ఎముక బంతి తీసేసి, ఆక్రిలిక్ ప్లాస్టిక్ బంతి పెట్టేవారు. గిన్నెను మాత్రం అలాగే వదిలేసేవారు. అలాంటి బంతి వేయించుకున్న ఒకాయన చార్న్‌లీ దగ్గరికి వచ్చారు. ముందుకు వంగినప్పుడల్లా కీలు కిర్రుమని చప్పుడు చేసేది. ఆ చప్పుడు భరించలేక భార్య ఆయనతో ఒకే గదిలో ఉండలేకపోయేదట.

విన్నవాళ్లు నవ్వుకుని ఊరుకునే సంగతి ఇది. చార్న్‌లీ ఊరుకోలేదు. చప్పుడు వస్తోందంటే రాపిడి ఉంది, రాపిడి ఉంటే కీలు వదులవుతుంది. మరి దేవుడిచ్చిన కీలులో రాపిడి ఎంత? తీసేయాల్సి వచ్చిన ఒక కాలి నుంచి తాజా కీలు తీసుకుని కొలిచి చూశారు. మంచు మీద మంచు జారినదాని కన్నా తక్కువ రాపిడి కనిపించింది. కీలులోని ద్రవం వల్లనే ఇది సాధ్యమని అప్పటి నమ్మకం. ఆ ఉపరితలానికే జారే గుణం ఉందని చార్న్‌లీ తేల్చారు. మనం పెట్టే కృత్రిమ కీలు కూడా, నూనె లేకపోయినా, తనంత తానే జారాలి. బంతి ఒక్కటే మారిస్తే చాలదు, గిన్నె కూడా మార్చాలి.

ఇందుకోసం 1958లో మాంచెస్టర్ పెద్దాసుపత్రిలోని మామూలు పనులు వదులుకున్నారు. విగాన్ దగ్గర రైటింగ్టన్ అనే చోట, ఒకప్పుడు క్షయ రోగుల కోసం నడిపిన ఆసుపత్రిలో తుంటి వైద్య కేంద్రం మొదలుపెట్టారు. అక్కడే సొంత వర్క్‌షాపు, ప్రయోగశాల పెట్టుకున్నారు. అంతకు ముందు ఏడాదే, 1957లో, జిల్ హీవర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆ దంపతులకు ఒక కొడుకు, ఒక కూతురు.

మూడు ఆలోచనలు

రైటింగ్టన్‌లో ఆయన మూడు విషయాలు కుదిర్చారు.

మొదటిది, చిన్న బంతి. అప్పటిదాకా అందరూ సహజమైన బంతి అంత పెద్దది పెట్టేవారు. చార్న్‌లీ దాన్ని చివరకు 22 మిల్లీమీటర్లకు కాస్త పైచిలుకుగా తగ్గించారు. ఇరుసు సన్నగా ఉన్న బండి చక్రం తేలిగ్గా తిరిగినట్టే, చిన్న బంతి గిన్నెను తక్కువగా మెలితిప్పుతుంది. గిన్నె గోడ మందంగా ఉంచడానికీ చోటు దొరుకుతుంది.

రెండోది, ఎముక సిమెంటు. కట్టుడు పళ్ల తయారీలో వాడే ఆక్రిలిక్ పదార్థాన్ని, మాంచెస్టర్‌లో దంతవైద్య పదార్థాల నిపుణుడైన డెన్నిస్ స్మిత్ సలహాతో ఎముకలోకి తెచ్చారు. ఇది జిగురులా అంటుకోదు. రాళ్ల గోడలో సున్నం సందులు నింపినట్టు, లోహానికీ ఎముకకూ మధ్య ఖాళీలన్నీ నింపి బరువును సమంగా పంచుతుంది.

మూడోది, జారే గిన్నె. ఇందుకు ఆయన ఎంచుకున్నది టెఫ్లాన్. అంటుకోని పెనాలకు పూసే పదార్థమే. అంత జారుడుగా ఉండే ఘనపదార్థం అప్పటికి మరొకటి లేదు.

మూడు వందల మంది

టెఫ్లాన్ గిన్నె పెట్టించుకున్నవాళ్లు మొదట్లో ఆనందంతో కన్నీళ్లు పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి నొప్పితో నిద్ర లేనివాళ్లు వారాల్లో హాయిగా నడిచారు. వార్త పాకింది. 1962 నాటికి సుమారు 300 మందికి టెఫ్లాన్ గిన్నె పెట్టారు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. రెండు మూడేళ్లు తిరిగేసరికి లోహపు బంతి టెఫ్లాన్‌ను తొలుచుకుంటూ పోతోంది. అరిగిన పొడి కీలు చుట్టూ చేరి, శరీరం దాని మీద తిరగబడి, గడ్డలు కట్టింది, ఎముక కరిగింది. కీళ్లు వదులై నొప్పి తిరిగొచ్చింది. తనను నమ్మి వచ్చిన ముసలివాళ్లను ఒక్కొక్కరినే మళ్లీ బల్ల మీద పడుకోబెట్టి, తన చేతులతో పెట్టినదాన్ని తానే తీయాల్సి వచ్చింది.

ఆయన ఆ వైఫల్యాన్ని దాచలేదు. రోగుల శరీరం మీద తప్పు నెట్టలేదు. టెఫ్లాన్ పొడి నిజంగా ఏం చేస్తుందో తేల్చుకోవడానికి, దాన్ని తన తొడలోకే ఎక్కించుకున్నారు. నెలల తర్వాత అక్కడ గడ్డ చేతికి తగిలింది. ఆ ఫలితాన్ని, అది తన శరీరమేనని చెబుతూ, 1963లో లాన్సెట్ పత్రికకు రాశారు. ఇంకే డాక్టరూ ఆ పదార్థం జోలికి పోకూడదన్నది ఆయన ఉద్దేశం.

మగ్గాల నుంచి వచ్చిన ప్లాస్టిక్

ఈ చీకటి రోజుల్లోనే, 1962 మే నెలలో, ఒక సేల్స్‌మన్ రైటింగ్టన్ వర్క్‌షాపుకు ఒక ప్లాస్టిక్ ముక్క తెచ్చాడు. అది అధిక అణుభారం ఉన్న పాలీఇథిలీన్. లాంకషైర్ మిల్లుల్లో మరమగ్గాల పళ్లచక్రాల కోసం అమ్ముతున్న సరుకు. షోలాపూర్, భివండీలలో మరమగ్గాల మధ్య పుట్టి పెరిగిన మన పద్మశాలి కుటుంబాలకు, మగ్గంలో భాగం ఎంత దెబ్బకు ఓర్చుకోవాలో మేము చెప్పనక్కర్లేదు.

చార్న్‌లీ దాన్ని గోటితో నొక్కి చూసి పెదవి విరిచారు. ఆయన టెక్నీషియన్ హ్యారీ క్రేవెన్ మాత్రం దాన్ని పారేయలేదు. చార్న్‌లీ ఊళ్లో లేనప్పుడు అరుగుదల కొలిచే యంత్రం మీద ఎక్కించాడు. యంత్రం రాత్రింబవళ్లు తిరిగింది. మూడు వారాలకు అది అరిగింది, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగేదానికన్నా తక్కువ. చార్న్‌లీ తిరిగొచ్చి ఆ లెక్క చూసి, తన మొదటి అభిప్రాయం తప్పని ఒప్పుకున్నారు. ఈ పొడిని కూడా తన తొడలో ఎక్కించుకుని చూశారు. గడ్డ కట్టలేదు.

1962 నవంబరులో మొదటి పాలీఇథిలీన్ గిన్నె ఒక రోగికి అమర్చారు.

ఇక్కడ ఇంకెవరైనా అయితే విజయం చాటుకునేవారు. చార్న్‌లీ నోరు కట్టేసుకున్నారు. ఒకసారి తొందరపడి 300 మందిని బాధపెట్టిన మనిషి, ఈసారి ఏళ్ల తరబడి ప్రతి రోగినీ మళ్లీ పిలిపించి, ఎక్స్‌రేలు తీసి, అరుగుదల కొలుస్తూ కూర్చున్నారు. పరికరాలు తయారు చేసేది లీడ్స్ నగరంలోని థాక్రే కంపెనీ. రైటింగ్టన్‌కు వచ్చి పద్ధతి నేర్చుకున్న సర్జన్లకే వాటిని అమ్మాలని ఆయన షరతు పెట్టారు. చనిపోయాక తమ కీలును పరీక్షకు తీసుకోనివ్వమని రోగులను అడిగారు. ఎందరో ఆ పెద్దలు సంతోషంగా ఒప్పుకున్నారు. తాము పోయాక కూడా ఇంకొకరు నడవాలని కోరుకున్న ఆ మామూలు మనుషులకు కూడా మనం రుణపడి ఉన్నాం.

గాలి శుభ్రం

ఇంకో శత్రువు మిగిలింది. తొలి రోజుల్లో వందమందిలో ఏడు నుంచి తొమ్మిది మందికి కీలు చీము పట్టేది. కృత్రిమ కీలులో చీము పడితే దాన్ని తీసేయక తప్పదు. కుట్లు, చేతి తొడుగులు, పనిముట్లు అన్నీ చూసుకుంటూ చార్న్‌లీ ఆపరేషన్ గదిలోని గాలిని అనుమానించారు. వడపోత యంత్రాలు తయారు చేసే హోవర్త్ అనే ఇంజనీరుతో కలిసి, ఆపరేషన్ బల్ల చుట్టూ చిన్న గది కట్టించారు. అందులోకి వడగట్టిన గాలి ఎడతెగకుండా వస్తుంది. సర్జన్లు ఊపిరిని బయటికి లాగేసే గొట్టాలున్న నిండు దుస్తులు వేసుకుంటారు. దశాబ్దం తిరిగేసరికి ఇన్ఫెక్షన్ వందకు ఒకటి లోపుకు దిగింది. ఇవాళ మన నగరాల ఆసుపత్రుల్లో కీలు మార్పిడి గదుల పైకప్పు నుంచి నెమ్మదిగా దిగే శుద్ధమైన గాలికి వంశమూలం అదే.

విరిగిన గిన్నెకు దారి

చార్న్‌లీ గిన్నె అరిగిన కీళ్ల కోసం పుట్టింది. విరిగిన గిన్నెను అతికించే విద్య అదే కాలంలో పారిస్‌లో పెరిగింది. ఆక్రిలిక్ బంతి పెట్టిన ఆ జూడే సోదరులతోనే కలిసి, ఎమిల్ లెతుర్నెల్ అనే సర్జను 1964లో గిన్నె ఎముక విరుగుళ్లను తరగతులుగా విడదీసి, ఏ విరుగుడుకు ఏ వైపు నుంచి కోసి చేరాలో చూపారు. ఆయన పుట్టింది సెయింట్ పియరీ మికెలాన్ అనే చిన్న ఫ్రెంచి దీవుల్లో. ఆయన పుట్టిన నాటికి మన యానాం కూడా అదే ఫ్రెంచి జెండా కింద ఉండేది.

వయసులో ఉన్నవాళ్లకు విరిగిన గిన్నె ముక్కలను ప్లేట్లు, స్క్రూలతో సరిగ్గా కలిపితే చాలావరకు సొంత కీలే నిలుస్తుంది. పెద్దవాళ్లలో ఎముక గుల్లగా ఉండి స్క్రూలు పట్టు చిక్కవు. గిన్నె కప్పు భాగం లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఎంత బాగా అతికించినా తర్వాత కీలు అరిగిపోయే అవకాశం ఎక్కువ. విరిగిన ఎముకను బిగించకుండా కొత్త గిన్నె పెడితే అది నిలవదు. అందుకే ఇప్పుడు తగిన రోగులకు రెండు దారులనూ ఒకే ఆపరేషన్‌లో కలుపుతున్నారు. లెతుర్నెల్ పద్ధతిలో ఎముకను ప్లేట్లతో బిగించి, అందులోనే కొత్త గిన్నె, బంతి అమరుస్తారు. ముసలివారికి రెండోసారి ఆపరేషన్ తప్పించి, త్వరగా నిలబెట్టడమే దీని ఉద్దేశం.

అందరికీ ఇది అవసరం లేదు. ఎముక పెద్దగా కదలకపోతే ఆపరేషన్ లేకుండానే, బరువు మోపకుండా జాగ్రత్తపడి కోలుకునేవాళ్లున్నారు. గుండె, ఊపిరితిత్తులు ఆపరేషన్‌కు తట్టుకోలేని వాళ్లూ ఉంటారు. మన ఇంట్లో ఇలాంటి పరిస్థితి వస్తే డాక్టరును నాలుగు మాటలు అడగాలి. విరిగింది తొడ ఎముకా, గిన్నెనా? సీటీ స్కాన్ తీశారా? గిన్నె విరుగుళ్లు చేసిన అనుభవం ఈ ఆసుపత్రిలో ఉందా, వేరేచోటికి పంపడం మేలా? ఎన్నో రోజుకు కూర్చోబెడతారు? డాక్టరు మాట్లాడేది తమిళమైనా, కన్నడమైనా, ఒడియా, మరాఠీ అయినా, ఈ ప్రశ్నలు ఆ భాషలో అడగగలిగినవాళ్లు ఇంటి తరఫున ఒకరు వెంట ఉండడం మంచిది. తెలుగు తప్ప మరో భాష రాని అమ్మమ్మను ఒంటరిగా వార్డులో వదలకూడదు.

చివరి రోజులు

గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. 1974లో అమెరికాలోని లాస్కర్ పురస్కారం, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1977లో సర్ బిరుదు అందాయి. తన తుంటి ఆపరేషన్ అనుభవమంతా 1979లో పుస్తకంగా రాశారు. 1982 ఆగస్టు 5న, 70వ ఏట, కన్నుమూశారు.

ఆయన పద్ధతిలో పెట్టిన కీళ్లలో పాతికేళ్లు దాటి పనిచేసినవి ఎన్నో ఉన్నాయి. తర్వాత ప్లాస్టిక్ మెరుగైంది. సిమెంటు లేకుండా ఎముకే పట్టుకునే లోహపు గిన్నెలు వచ్చాయి. లోపల జారే పొర మాత్రం ఈనాటికీ ఎక్కువగా ఆ పాలీఇథిలీన్ వంశానిదే.

మన వీధిలో కర్ర సాయంతో గుడికి నడిచి వెళ్లే ఏ పెద్దాయన తుంటిలోనో ఆ గిన్నె ఉండి ఉంటుంది. దాని వెనుక టెఫ్లాన్ గిన్నె పెట్టించుకున్న ఆ 300 మంది బాధ ఉంది. ఆ బాధను లెక్కలోంచి తీసేయకుండా, అదే లెక్కతో మిగిలిన పనంతా చేసిన వైద్యుడు చార్న్‌లీ. ఆయన్ని తలుచుకున్నప్పుడు వాళ్లనూ తలుచుకోవడం న్యాయమని మేము అనుకుంటున్నాం.